షికాగో బ్లూస్ రికార్డుల్లో ఆ రెండో గిటార్ ఎవరిదో తేల్చుకోవడం ఎలా?

నీలితీగ:

అందరికీ నమస్కారం. 1950ల నాటి షికాగో బ్లూస్ మీద కాస్త దారి చూపించండి. రికార్డు లేబుల్ మీద పాడినవాడి పేరూ, దాని కింద పాట కట్టినవాడి ఇంటిపేరూ తప్ప ఇంకేమీ ఉండదు. వెనకాల వాయించిన నలుగురైదుగురి ఊసే లేదు. ముఖ్యంగా రెండో గిటార్. పాట బరువంతా దాని మీదే ఉన్నట్టు వినిపిస్తుంది, వాయించినవాడు మాత్రం ఎవరో తెలీదు.

అడగాలనుకున్నవి మూడు.

1. ఫలానా పాటలో గిటార్ ఫలానావాడిదే అని గట్టిగా చెప్పడానికి ఆధారం ఏమిటి? నెట్‌లో ఒక్కో చోట ఒక్కో పేరు కనిపిస్తోంది.

2. మడ్డీ వాటర్స్, బడ్డీ గై, హ్యూబర్ట్ సమ్లిన్ లాంటి తెలిసిన పేర్లు పక్కన పెడితే ఎవరితో మొదలుపెట్టాలి?

3. ఆ రెండో గిటార్ పని నేర్చుకోవాలంటే ముందు ఏం పట్టుకోవాలి? బారే కార్డులు, పెంటటోనిక్, మామూలు పన్నెండు బార్ల బ్లూస్ వచ్చు.

మైనపురికార్డు:

మొదటి ప్రశ్నకి నేను జవాబిస్తాను. మిగతా రెండూ వాయించేవాళ్ళకి వదిలేస్తున్నాను.

పాటని పట్టుకుని వెతకడం మానేసి సెషన్‌ని పట్టుకోండి. అప్పటి యూనియన్ లెక్కలో ఒక సెషన్ అంటే మూడు గంటలు, మామూలుగా నాలుగు పాటలు. ఆ నాలుగింటికీ దాదాపు ఎప్పుడూ వాళ్ళే వాయిస్తారు. కాబట్టి ఒక పాటలో ఎవరున్నారో గట్టిగా తెలిస్తే ఆ రోజు రికార్డయిన మిగతా మూడూ తెలిసినట్టే. రికార్డు విడుదలైన తేదీ ఇక్కడ అక్కరకి రాదు. ఒకే ఏడు విడుదలైన రెండు పాటల మధ్య రెండేళ్ళ దూరం ఉండొచ్చు, మధ్యలో బ్యాండ్ మొత్తం మారిపోయి ఉండొచ్చు.

సెషన్ కాగితాలు ఉన్నాయా అంటే కొన్ని ఉన్నాయి. షికాగోలో వాయిద్యకారుల యూనియన్‌కి రెండు శాఖలుండేవి. తెల్లవాళ్ళది లోకల్ 10. నల్లవాళ్ళది లోకల్ 208, అది 1902లో మొదలైంది. 1966లో రెండూ కలిశాయి. బ్లూస్ వాళ్ళలో ఎక్కువమంది 208 సభ్యులు కాబట్టి వాళ్ళ సెషన్ ఒప్పందాలు ఆ శాఖ ద్వారానే నడిచాయి. ఒప్పందంలో తేదీ, లీడర్, పక్కవాద్యాల వాళ్ళ పేర్లు, ఎవరికి ఎంత అన్నది ఉంటుంది. డిస్కోగ్రఫీ రాసినవాళ్ళకి దీన్ని మించిన ఆధారం లేదు.

అయినా కళ్ళు మూసుకుని నమ్మకూడదు. యూనియన్ కార్డు లేనివాడు వాయిస్తే కాగితంలో పేరు ఉండదు. యూనియన్‌కి చెప్పకుండా చేసిన సెషన్‌కి కాగితమే ఉండదు. తరవాత ఎప్పుడో పైన కలిపిన వాయిద్యం, గొంతు కూడా ఇందులోకి రావు.

కాగితం లేనప్పుడు రెండో ఆధారం మ్యాట్రిక్స్ నంబరు. కేటలాగ్ నంబరు వేరు, ఇది వేరు. హార్మోనికా వాయించే లిటిల్ వాల్టర్ 'జ్యూక్' రికార్డు చెకర్ 758 (చెకర్ అనేది ఛెస్ కంపెనీ అనుబంధ లేబుల్) అంటే అది కొట్లో అమ్ముకునే నంబరు. మ్యాట్రిక్స్ నంబరు రికార్డులో ఆ పక్క పాట మాస్టర్‌కి, అంటే అచ్చు తీసే మూల రికార్డింగ్‌కి, ఇచ్చింది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లోనో, రికార్డు లోపలి అంచున పాట గాడి అయిపోయాక మిగిలే ఖాళీలోనో గీసి ఉంటుంది. ఛెస్ వాళ్ళ తొలినాటి నంబర్ల ముందు 'యూ' (U) అక్షరం ఉంటే అది యూనివర్సల్ రికార్డింగ్ స్టూడియోలో చేసిందని గుర్తు. వీ-జే అనే ఇంకో కంపెనీ వాళ్ళ నంబర్లలో మొదటి రెండంకెలు ఏడాదిని చెబుతాయి, 55తో మొదలైతే 1955. ఒక వరసలో పక్కపక్కన వచ్చిన నాలుగు నంబర్లు ఒకే సెషన్‌వి అయ్యే అవకాశం ఎక్కువ. అయితే అన్ని కంపెనీలూ రికార్డు చేసిన రోజే నంబరు వేయలేదు. టేపులోంచి మాస్టర్ తీసినప్పుడు వేసిన చోట వరస చూసి తేదీ కట్టేస్తే తప్పులో కాలేసినట్టే.

మూడోది జ్ఞాపకాలు. వాయించినవాళ్ళని పదేళ్ళ తరవాతో ఇరవయ్యేళ్ళ తరవాతో అడిగి రాసుకున్నవి. విలువైనవే గానీ, నాలుగు వందల సెషన్లు చేసిన మనిషికి ఒక మధ్యాహ్నం గుర్తుండాలని ఏముంది?

ఎక్కువమంది పడే గోతులు కొన్ని చెబుతాను.

'జ్యూక్'లో గిటార్లు ఏసెస్ బ్యాండ్‌వి అని చాలాచోట్ల రాస్తారు. కాదు. అది 1952 మే 12న మడ్డీ వాటర్స్ బ్యాండ్‌తో చేసింది. గిటార్లు మడ్డీ, జిమ్మీ రోజర్స్. పాట హిట్టయ్యాకే వాల్టర్ మడ్డీని వదిలి ఏసెస్‌తో కలిశాడు. ఆ ఏడు అక్టోబరులో చేసిన 'మీన్ ఓల్డ్ వరల్డ్'లో ఉన్నది ఏసెస్. రెండూ వెంటవెంటనే వినండి, తేడా చెవికే తెలిసిపోతుంది.

మడ్డీ వాటర్స్ పేరుతో 1962లో వచ్చిన 'యూ షుక్ మీ'లో స్లైడ్ గిటార్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించేది) మడ్డీది కాదు, ఎర్ల్ హుకర్‌ది. హుకర్ 1961లో మెల్ లండన్ కంపెనీకి 'బ్లూ గిటార్' అని మాటల్లేని పాట ఒకటి చేశాడు. ఆ టేపు మీద మడ్డీ చేత పాడించి ఛెస్ వాళ్ళు విడుదల చేశారు. వెనకాల ఆర్గన్, శాక్సఫోన్లు ఉండటమే చాలు అనుమానించడానికి. మడ్డీ బ్యాండ్ తీరు అది కాదు. ఇది ఆడింది కదా అని హుకర్ చేత మరికొన్ని టేపులు వాయించి ఉంచి మడ్డీ చేత పాడించారు. 'యూ నీడ్ లవ్' అలా వచ్చిందే.

హౌలిన్ వుల్ఫ్ పాడిన 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్' గిటారంతా సమ్లిన్ ఖాతాలో వేయకండి. 1956 జనవరి నాటి ఆ సెషన్‌లో విల్లీ జాన్సన్ కూడా ఉన్నాడు.

ఇక పేర్ల గందరగోళం. లూథర్ జాన్సన్లు ముగ్గురు. అందులో 'జార్జియా బాయ్' అనేవాడూ, 'గిటార్ జూనియర్' అనేవాడూ వేరువేరు కాలాల్లో మడ్డీ దగ్గరే వాయించారు. 'గిటార్ జూనియర్' పేరు లానీ బ్రూక్స్ కూడా కొన్నాళ్ళు పెట్టుకున్నాడు. స్మోకీ స్మదర్స్ ఇద్దరు, అన్నదమ్ములు. జిమ్మీ రోజర్స్ పేరుకి దగ్గరగా ఒక కంట్రీ గాయకుడు, ఒక పాప్ గాయకుడు. వెతికేటప్పుడు పేరుతోపాటు ఏడాది కూడా వేసుకోండి.

షఫుల్‌శాస్త్రి:

పై జవాబు తరవాత నాకు మిగిలింది పేర్లే. పదిమంది పేర్లు రాసి వదిలేస్తే ఉపయోగం లేదు కాబట్టి ముగ్గురి దగ్గర ఆగుతాను.

ఎడ్డీ టేలర్. మిసిసిపీలో బెనాయిట్‌లో 1923లో పుట్టాడు, 1985లో పోయాడు. గాయకుడు జిమ్మీ రీడ్ పాటల్లో చాలావాటికి ఊతకర్ర ఇతనే. రీడ్‌కి గిటార్ నేర్పిందీ ఇతనే. రీడ్ పాడుతూ, మెడకి తగిలించుకున్న హార్మోనికా ఊదుతూ ఉంటే కింద తడబడకుండా నడిచే ఆ బరువైన షఫుల్ (ఊగుతూ నడిచే లయ) టేలర్‌ది. సొంత పేరుతో వీ-జేలో 'బ్యాడ్ బాయ్', 'బిగ్ టౌన్ ప్లేబాయ్' చేశాడు. రెండూ గొప్పవి, రెండూ రీడ్ నీడలో పడి నలిగిపోయాయి. టేలర్ అసలు సత్తా తెలియాలంటే జాన్ లీ హుకర్ 1956లో చేసిన 'డింపుల్స్' వినండి. హుకర్ బార్లు లెక్కపెట్టేవాడు కాదు. ఇష్టమొచ్చినప్పుడు కార్డు మార్చేవాడు, ఒక్కోసారి మార్చేవాడే కాదు. అలాంటివాడి వెనక నలుగురు కలిసి వాయించాలంటే ఎవరో ఒకరు పాడేవాడి ఊపిరి వినాలి. టేలర్ చేసిన పని అదే.

రాబర్ట్ లాక్‌వుడ్ జూనియర్. 1915లో ఆర్కన్సాలో పుట్టాడు. డెల్టా బ్లూస్ (మిసిసిపీ పల్లెల పాత బ్లూస్) దిగ్గజం రాబర్ట్ జాన్సన్ దగ్గర నేరుగా నేర్చుకున్నవాడని అందరూ ఆ ఒక్క మాటే చెబుతారు. దానివల్ల అతనికి మేలు కంటే కీడే ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం, ఎందుకంటే షికాగోలో అతను చేసిన పని డెల్టా బ్లూస్ కాదు. జాజ్ కార్డులు బాగా తెలిసిన మనిషి, వాటిని హార్మోనికా వెనక అణిచిపెట్టి వాయించేవాడు. 1955 జనవరి నాటి 'మై బేబ్' వినండి. వాల్టర్‌ది, గిటార్లు లాక్‌వుడ్, లెనార్డ్ కాస్టన్. తరవాత రెండో సన్నీ బాయ్ విలియమ్సన్ 1956, 57ల్లో చెకర్‌కి చేసినవి. వాటిలో లాక్‌వుడ్, లూథర్ టకర్ జోడీ. ఎక్కడ ఒకే తీగ మీద గబగబా వణికించే పికింగ్ వినిపిస్తుందో అక్కడ టకర్. ఎక్కడ నైన్త్ కార్డు (తొమ్మిదో స్వరం కలిపిన కార్డు) మెత్తగా జారుతుందో అక్కడ లాక్‌వుడ్.

జోడీ విలియమ్స్. నన్నడిగితే ఈ మొత్తం కథలో అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు. 1935లో అలబామాలో మొబిల్‌లో పుట్టాడు. ఇరవై రెండు నిండేలోపే హౌలిన్ వుల్ఫ్ 'ఈవిల్'లో (1954) సమ్లిన్ పక్కన వాయించాడు, బో డిడ్లీ 'హూ డూ యూ లవ్'లో (1956) ఆ మండే సోలో ఇచ్చాడు. అదే ఏడు బిల్లీ స్టువర్ట్ 'బిల్లీస్ బ్లూస్'కి వాయించిన గిటార్ వరస అచ్చంగా మికీ, సిల్వియా జంట పాడిన 'లవ్ ఈజ్ స్ట్రేంజ్'లో తేలింది. వ్యవహారం కోర్టుకెక్కింది, నిలవలేదు. 1957లో సొంతంగా చేసిన 'లక్కీ లూ' తెరిచిన తీరు వినండి, తరవాత 1958లో ఓటిస్ రష్ చేసిన 'ఆల్ యువర్ లవ్' పెట్టండి. ఇంకేం చెప్పక్కర్లేదు. చివరికి సంగీతం మానేసి జిరాక్స్ కంపెనీలో సాంకేతిక ఉద్యోగం చేసుకున్నాడు. 2000 ప్రాంతంలో తిరిగొచ్చి 2002లో ఆల్బం చేశాడు, 2018లో పోయాడు. వెతికేటప్పుడు 'లిటిల్ పాపా జో' అని కూడా చూడండి. మొదటి రికార్డు, బ్లూ లేక్ కంపెనీది, ఆ పేరుతోనే వచ్చింది.

మిగతావాళ్ళని గబగబా చెప్పేస్తాను. ఏసెస్ బ్యాండ్ అన్నదమ్ములు లూయీ మైయర్స్, డేవ్ మైయర్స్. మెంఫిస్ స్లిమ్ దగ్గర మ్యాట్ మర్ఫీ, శాక్సఫోన్ల మధ్య గిటార్ ఎలా నిలబడాలో చూపించినవాడు. 1960ల్లో మడ్డీ దగ్గర వాయించిన శామీ లాహార్న్. ఇండియానా అవెన్యూలో నేలమాళిగలో ఉండే తెరీసాస్ బార్‌కి ఆస్థాన గిటారిస్టు కూడా అతనే. లాహార్న్ మీద రికార్డుల కంటే చెప్పుకోళ్ళే ఎక్కువ మిగిలాయి.

సున్నామెట్టు:

మూడో ప్రశ్న నాది. ఫ్రెట్‌ని మెట్టు అనే రాస్తాను, వీణ అలవాటున్నవాళ్ళకి సులువు. తీగలు సన్నదాన్ని 1 అనీ లావుదాన్ని 6 అనీ లెక్కపెట్టుకోండి. అన్నీ ఈ (E) కీలో, మామూలు ట్యూనింగ్‌లో.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: బ్యాండ్‌లో బేస్ ఉందా లేదా? రెండో గిటార్ పనంతా దాని మీదే ఆధారపడుతుంది.

బేస్ లేకపోతే ఆ పని మీదే. నడిచే బేస్ వరస ఇది: 6వ తీగ ఖాళీగా, 6వ తీగ 4వ మెట్టు, 5వ తీగ 2వ మెట్టు, 5వ తీగ 4వ మెట్టు. అది ఒక బారు, దెబ్బకి (బీట్‌కి) ఒక స్వరం. రెండో బారులో 5వ తీగ 5వ మెట్టు, 4వ మెట్టు, 2వ మెట్టు, ఆఖర్న 6వ తీగ 4వ మెట్టు. ఏ (A) కార్డుకి వెళ్ళినప్పుడు ఇదే ఆకారం ఒక్క తీగ కిందకి జరపండి: 5వ తీగ ఖాళీ, 5వ తీగ 4, 4వ తీగ 2, 4, 5. ఈ వరస నిద్రలో కూడా ఆగకుండా నడవాలి. డేవ్ మైయర్స్ బేస్ గిటార్ పట్టక ముందు ఏసెస్‌లో చేసింది సరిగ్గా ఈ పనే, మామూలు గిటార్ లావు తీగల మీద.

ఎడ్డీ టేలర్ షఫుల్‌కి 6వ తీగ ఖాళీగా, 5వ తీగ 2వ మెట్టు కలిపి రెండు సార్లు కొట్టండి, తరవాత 5వ తీగని 4వ మెట్టుకి మార్చి రెండు సార్లు. అన్నీ కిందకి కొట్టే దెబ్బలే. కుడి అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి ఉంచండి. అరచెయ్యి అర అంగుళం ముందుకి జరిగితే స్వరం చచ్చిపోయి టక్‌టక్‌మంటుంది, వెనక్కి జరిగితే మోగి బురదవుతుంది. ఆ మధ్య చోటు దొరికేదాకా కార్డు మార్చకండి. లయలో ప్రతి దెబ్బనీ మూడుగా విడగొడితే మీరు కొట్టేది మొదటిదీ మూడోదీ. వేగం పెరిగేకొద్దీ ఆ మూడోది కొంచెం ముందుకి జరుగుతుంది, జరగనివ్వండి. మెట్రొనోమ్‌కి అతుక్కుని లెక్కగా మూడు ముక్కలు చేస్తే పాట గుర్రపుబండిలా కుదుపుతుంది.

ఇప్పుడు బేస్ ఉందనుకోండి. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే పాడుచేస్తారు. పైన చెప్పిన షఫుల్‌నే ఆరు తీగల మీద బాదుతూ ఉంటారు. బేస్, పియానో ఎడమచెయ్యి, బేస్ డ్రమ్, మీ లావు తీగలు, ఇన్నీ 200 హెర్ట్జ్ కింద ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, ఏదీ వినపడదు. అప్పుడు కింద తీగలు పూర్తిగా వదిలేయండి. రెండే స్వరాలు చాలు. ఈ7 (E7) కార్డుకి 4వ తీగ 6వ మెట్టు, 3వ తీగ 7వ మెట్టు. కార్డులో మూడోదీ ఏడోదీ అవే, మిగతావి బేస్ ఇస్తుంది. ఒక మెట్టు కిందకి దిగితే ఏ7 (A7). ఈ7 నుంచి ఒక మెట్టు పైకెక్కితే బీ7 (B7). పన్నెండు బార్లూ రెండు వేళ్ళతో అయిపోయాయి. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద కత్తిరించినట్టు కొట్టండి, వెంటనే వేళ్ళు వదులు చేసి ఆపండి.

ఆ రెండు స్వరాల మీదే లాక్‌వుడ్ రంగు ఎక్కించొచ్చు. ఈ7 ఆకారానికి 2వ తీగ 7, 1వ తీగ 7 కలిపితే ఈ9. మొత్తం చేతిని ఒక మెట్టు పైన మొదలుపెట్టి కొట్టిన క్షణంలో కిందకి జార్చండి. ఏ9కి 4వ తీగ 5, 3వ తీగ 6, 2వ తీగ 5, 1వ తీగ 7. ఇవి ప్రతి బారులో వేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. పాడేవాడు ఆగినచోట ఒక్కటి వేసి ఊరుకోండి.

ఎర్ల్ హుకర్ స్లైడ్ ప్రయత్నించేవాళ్ళకి: అతను ఓపెన్ ట్యూనింగ్ (ఖాళీ తీగలే ఒక కార్డుగా మోగేలా బిగించడం) జోలికి పోలేదు, మామూలు ట్యూనింగ్‌లోనే వాయించాడు. చిటికెన వేలికి పొట్టి స్లైడ్ పెట్టుకుంటే మిగతా మూడు వేళ్ళూ కార్డుకి మిగులుతాయి. మామూలు ట్యూనింగ్‌లో స్లైడ్ ఆరు తీగల మీద పెడితే అపశ్రుతే, కాబట్టి ఒకటి లేదా రెండు తీగలే తాకాలి. మెట్టు మధ్యలో కాదు, లోహపు కమ్మీకి సరిగ్గా పైన. స్లైడ్ వెనక చూపుడువేలు తీగల మీద తేలిగ్గా ఆనించకపోతే వెనక భాగం కూడా మోగి కీచుమంటుంది. తీగకి కమ్మీ తగిలి టకటకలాడుతుంటే నొక్కుడు ఎక్కువైందన్నమాట.

తీగల సంగతి. ఆ రోజుల సెట్లు లావు, 3వ తీగ కూడా చుట్టుడు తీగే. అందుకే ఆ రికార్డుల్లో 3వ తీగ మీద పెద్ద బెండ్లు తక్కువ. 11 లేదా 12 సెట్టు (అంకె పెరిగేకొద్దీ తీగ లావు), చుట్టుడు 3వ తీగతో వేసుకోండి. 9 సెట్టు మీద అదే షఫుల్ కొడితే స్వరం దెబ్బకి పైకి పోతుంది. యాంప్ చిన్న వాల్వ్‌ది చాలు. గట్టిగా కొడితే మాత్రమే కొంచెం చిరగాలి.

బేస్‌లైన్:

గిటార్ ధ్యాసలో పడి డ్రమ్స్‌ని మర్చిపోతున్నారు. ఫ్రెడ్ బిలో లేకపోతే పైన చెప్పిన గిటార్లు సగం నిలబడవు. రాయ్ నాప్ స్కూల్లో జాజ్ డ్రమ్స్ నేర్చుకుని వచ్చి ఏసెస్‌లో చేరాడు. బ్లూస్ పాడేవాళ్ళు పదకొండున్నర బార్లు, పదమూడు బార్లు పాడేస్తుంటే అతను అంకెలు వదిలేసి పాట మాటలు ఎక్కడ ముగుస్తున్నాయో చూసి అక్కడ మలుపు వేసేవాడు. 'జానీ బీ గుడ్' (1958 జనవరి) విని చక్ బెర్రీని మెచ్చుకునేవాళ్ళలో ఎంతమందికి డ్రమ్స్ బిలోవనీ, బేస్ విల్లీ డిక్సన్‌దనీ, ఆ పరిగెత్తే పియానో లఫాయెట్ లీక్‌దనీ తెలుసు?

మైనపురికార్డు గారి జాబితాకి ఇంకొకటి కలపండి. 'హూచీ కూచీ మ్యాన్' (1954 జనవరి 7) డ్రమ్స్ కొన్ని జాబితాల్లో బిలోవి, కొన్నిట్లో ఎల్గా ఎడ్మండ్స్‌వి. ఒకదాన్ని చూసి ఇంకొకటి కాపీ కొట్టిన పది సైట్లని పది ఆధారాలుగా లెక్కపెట్టకండి.

ఇంకో సంగతి, కథ 1950లతో ఆగిపోలేదు. 1960ల్లో ఛెస్ స్టూడియోలో జీతం మీద పనిచేసిన బృందం వేరే తరం. ఫాంటెల్లా బాస్ 'రెస్క్యూ మీ' (1965) తీసుకోండి. బేస్ లూయిస్ శాటర్‌ఫీల్డ్, డ్రమ్స్ మారిస్ వైట్, గిటార్లు పీట్ కోజీ, జెరాల్డ్ సిమ్స్. 1968లో మడ్డీ చేత సైకెడెలిక్ ఆల్బం చేయించినప్పుడు గిటార్ శబ్దాన్ని మార్చే ఫజ్, వా పెడళ్ళతో గోల చేసింది కోజీ, ఫిల్ అప్‌చర్చ్ వాళ్ళే. బ్లూస్ అభిమానులు ఆ ఆల్బంని చీదరించుకున్నారు గానీ వాయిద్యం పరంగా దాన్ని తీసిపారేయడం అన్యాయం. కోజీ ఆ తరవాత 1973 నుంచి 75 దాకా మైల్స్ డేవిస్ దగ్గర వాయించాడు, ఊరికే పిలవలేదు కదా.

నీలితీగ:

చాలా చాలా థాంక్సండీ. రెండు చిన్న సందేహాలు. ఈ పాటలన్నీ మోనో. రెండు గిటార్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే విడదీసి వినడం ఎలా? ఏఐతో వాయిద్యాలు విడగొట్టే సాఫ్ట్‌వేర్లు పనికొస్తాయా? రెండోది, వీళ్ళకి డబ్బులు ఏమైనా ముట్టేవా?

సున్నామెట్టు:

విడగొట్టే సాఫ్ట్‌వేర్ డ్రమ్స్‌నీ గొంతునీ బాగానే తీసేస్తుంది. గిటార్లు రెండిటినీ మాత్రం ఎక్కువసార్లు ఒకే ముద్దగా ఇస్తుంది, పైగా యాంప్‌లోంచి వచ్చిన హార్మోనికాని గిటార్ అనుకుని అందులోనే కలిపేస్తుంది. గొంతు తీసేయడం వరకు వాడుకుని, ఆపైన ఈక్వలైజర్ నమ్ముకోండి. 800 హెర్ట్జ్ పైన అంతా కోసేసి ఒకసారి, 800 కింద అంతా కోసేసి ఇంకోసారి వినండి. మొదటిదాంట్లో షఫుల్ వాయించేవాడు బయటపడతాడు, రెండోదాంట్లో లీడ్. వేగం 75 శాతానికి తగ్గించండి. 50కి తగ్గిస్తే దెబ్బలు సాగిపోయి అరచెయ్యి ఆనించాడో లేదో తెలీదు.

ఇంకోటి, శృతి. పాత రికార్డుల్ని డిజిటల్‌కి మార్చేటప్పుడు వేగం తేడా వస్తుంది, పాట ఈ (E) కీకీ ఎఫ్ (F) కీకీ మధ్యలో ఎక్కడో వేలాడుతుంది. ప్రతి పాటకీ గిటార్ తీగలు బిగించుకుంటూ కూర్చోకండి, సాఫ్ట్‌వేర్‌లో పాట శృతినే 50 సెంట్ల (అర మెట్టు) లోపు అటో ఇటో జరపండి. ఎటు జరపాలో హార్మోనికా చెబుతుంది. 'జ్యూక్' ఈ (E) కీలో ఉంది, ఏ (A) హార్మోనికా మీద ఊదింది. అలా హార్మోనికా ఏదో తెలిస్తే అసలు కీ తెలిసినట్టే. జిమ్మీ రీడ్ పాటలకి వచ్చేసరికి కాపో (తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర బిగించే పట్టీ) కూడా గుర్తుంచుకోండి. ఎఫ్ కీలో ఖాళీ తీగల మోత వినిపిస్తే మొదటి మెట్టు మీద కాపో పెట్టి ఈ (E) కీ ఆకారాలు వాయిస్తున్నట్టు.

మైనపురికార్డు:

డబ్బు సంగతి. 1950ల మొదట్లో యూనియన్ రేటు మూడు గంటల సెషన్‌కి పక్కవాద్యానికి 41.25 డాలర్లు, లీడర్‌కి దానికి రెట్టింపు. అంతటితో లెక్క తీరిపోయినట్టే. రికార్డు పది లక్షలు అమ్ముడైనా ఆ గిటారిస్టుకి ఇంకో పైసా రాదు. పాట రాయల్టీ లేబుల్ మీద కంపోజర్‌గా ఎవరి పేరుంటే వాళ్ళకే. పాటని నిలబెట్టిన గిటార్ వరస కట్టినవాణ్ణి కంపోజర్ కింద లెక్కపెట్టరు. జోడీ విలియమ్స్ దెబ్బతిన్నది అందుకే. మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే అమెరికాలో వాయించినవాళ్ళకీ పాడినవాళ్ళకీ ఇప్పటికీ ఏమీ రాదు, కంపోజర్‌కి మాత్రమే వస్తుంది.

శాటిలైట్ రేడియో, ఇంటర్నెట్ రేడియో వేరు. అక్కడ వచ్చే డబ్బు సౌండ్ఎక్స్ఛేంజ్ అనే సంస్థ పంచుతుంది: 50 శాతం రికార్డు హక్కుదారుకి, 45 శాతం ముఖ్య కళాకారుడికి, 5 శాతం పేరు వేయని వాయిద్యకారులకీ కోరస్ పాడినవాళ్ళకీ. ఆ 5 శాతం వాయిద్యకారుల యూనియన్, నటుల యూనియన్ కలిసి నడిపే నిధికి వెళ్ళి అక్కణ్ణుంచి పంపిణీ అవుతుంది. 1972 ఫిబ్రవరి 15కి ముందు చేసిన రికార్డులకి చాలాకాలం ఈ కేంద్ర చట్టం వర్తించలేదు. 2018 అక్టోబరులో వచ్చిన చట్టం వాటినీ లోపలికి తెచ్చింది. వాయించినవాడు చనిపోతే వారసులు అడగొచ్చు, యూనియన్ సభ్యత్వం ఉండి తీరాలన్న నియమం లేదు.

అయితే ఆ రికార్డు మీద ఆ మనిషి వాయించాడని చూపించాలి. చూపించడానికి మళ్ళీ మొదట చెప్పిన సెషన్ ఒప్పందమే కావాలి, లేదా ఆల్బం అట్ట మీద పేరైనా ఉండాలి. 78, 45 రికార్డులకి అట్ట మీద పేర్లు వేసే అలవాటే లేదు కాబట్టి ఒప్పందం కాగితం దొరకనివాళ్ళ వాటా తేలకుండా ఉండిపోతోంది.

షఫుల్‌శాస్త్రి:

నీలితీగ గారూ, వినే వరస ఒకటి ఇస్తాను, ఇదే క్రమంలో వెళ్ళండి. 'జ్యూక్', 'మీన్ ఓల్డ్ వరల్డ్', 'మై బేబ్', మూడూ లిటిల్ వాల్టర్‌వే. ముందున్నవాడు ఒకడే కాబట్టి వెనక గిటార్లు మారినప్పుడు ఏం మారిందో స్పష్టంగా తెలుస్తుంది. మూడింటిలోనూ ముందున్న వాల్టర్‌ని పట్టించుకోకుండా ఒక్కటే రాసుకోండి: నాలుగో కార్డుకి (కీ నుంచి నాలుగో స్వరం మీది కార్డుకి, ఈ కీ (E) అయితే ఏ (A) కార్డుకి) వెళ్ళే బారుకి ముందు దెబ్బ మీద రెండో గిటార్ ఏ తీగ మీద ఉంది, కింద తీగలా, మధ్య తీగలా? రాసుకున్నది ఇక్కడ పెట్టండి, సరిచూద్దాం.